‘నార్మల్’ అని రాసే ముందు

రేడియాలజీ పీజీ ముగించి ఏ జిల్లా కేంద్రంలోనో స్కానింగ్ సెంటర్‌లో చేరిన యువ డాక్టర్ల కోసం ఈ నాలుగు మాటలు. నెలసరి నొప్పితో వచ్చిన అమ్మాయికి మీరిచ్చే కాగితం మీద ‘నార్మల్ స్టడీ’ అని ఉంటే, ఇంట్లో ఆ ముక్కే నిలిచిపోతుంది. ‘స్కానింగ్‌లో ఏమీ లేదట, ఓర్చుకోలేక అంటోంది’ అనేస్తారు. పిల్లలు పుట్టే వయసులో ఉన్న ఆడవాళ్లలో దాదాపు పదిమందిలో ఒకరికి ఎండోమెట్రియోసిస్ ఉంటుందని అంచనా. అది ఫలానా జబ్బు అని తేలేసరికి చాలామందికి ఏళ్లు గడిచిపోతున్నాయి. రిపోర్ట్ రాసే మనం ఆ ఏళ్లను తగ్గించగలం.

చాక్లెట్ సిస్ట్‌ను పట్టుకోవడం కష్టం కాదు. అండాశయంలో సాధారణంగా ఒకే గది ఉన్న సిస్ట్, లోపల గ్రౌండ్ గ్లాస్ తరహా మసక, డాప్లర్‌లో రక్తప్రసరణ అంతంతమాత్రం. లోపల రక్తం చేరిన మామూలు సిస్ట్ కూడా ఇలాగే కనిపించవచ్చు కాబట్టి, అనుమానం ఉంటే కొన్ని వారాలు ఆగి మళ్లీ చూడండి. పొరపాటు జరిగేది మరోచోట: అండాశయాలు బాగున్నాయి కదా అని ప్రోబ్ తీసేస్తాం. లోతుగా పాకిన జబ్బు గర్భాశయం వెనక లిగమెంట్లలో, పేగు గోడలో, మూత్రసంచిలో ఉండిపోతుంది.

2016లో ఐడియా అనే అంతర్జాతీయ నిపుణుల బృందం ఈ స్కాన్‌కు నాలుగు అంచెల పద్ధతి చెప్పింది. గర్భాశయం, అండాశయాలు చూడటం మొదటిది; అడినోమయోసిస్ గుర్తులు కూడా అక్కడే వెతకాలి. రెండోది నొప్పి, కదలిక. ప్రోబ్‌తో ఒక్కోచోట మెల్లగా ఒత్తుతూ ‘ఇక్కడేనా అమ్మా నొప్పి?’ అని అడగండి. అండాశయం పక్కకు జరుగుతోందా, అతుక్కుపోయిందా చూడండి. రెండు అండాశయాలూ గర్భాశయం వెనక ఒకదానికొకటి ఆనుకుని కనిపిస్తే అతుకులు గట్టిగానే ఉన్నాయని అర్థం.

మూడోది స్లైడింగ్ సైన్. నా దృష్టిలో అన్నిటికన్నా ముందు చేతికి అలవడాల్సింది ఇదే. ప్రోబ్‌తో గర్భాశయ ముఖద్వారాన్ని మృదువుగా నెట్టండి. వెనకున్న పేగు ముందు గోడ దాని మీదుగా జారుతోందా, రెండూ కలిసే కదులుతున్నాయా గమనించండి. తర్వాత రెండో చేయి పొత్తికడుపు మీద పెట్టి గర్భాశయాన్ని కదిలిస్తూ పైభాగంలోనూ అదే చూడండి. జారడం లేదంటే డగ్లస్ పౌచ్ మూసుకుపోయి ఉండవచ్చు. ఆపరేషన్‌కు ముందే సర్జన్‌కు తెలియాల్సిన విషయమిది. నిలిచిన ఫొటోలో ఇది దొరకదు, వీడియో క్లిప్ సేవ్ చేయండి. నాలుగో అంచెలో ముందువైపు మూత్రసంచి, వెనకవైపు లిగమెంట్లు, యోని గోడ, పేగు వెతికి, గడ్డ దొరికితే మూడు కొలతలూ రాయండి. మూత్రసంచి కొద్దిగా నిండి ఉంటే దాని గోడ తేటగా కనిపిస్తుంది.

ఇదంతా పది నిమిషాల్లో అయ్యే పని కాదు. బయట క్యూ పెరిగిపోతుంటే చేయి తొందరపడుతుంది. అందుకే రెఫరల్ చీటీలో తీవ్రమైన నెలసరి నొప్పి, కలయికలో నొప్పి, నెలసరి రోజుల్లో మోషన్‌కు వెళ్తే నొప్పి, పిల్లలు కలగకపోవడం అని ఉన్నవాళ్లకు రెట్టింపు సమయం కేటాయించమని యాజమాన్యంతో ముందే మాట్లాడండి. చీటీలో లేకపోతే మీరే అడగండి. మోషన్ సంగతి వాళ్లంతట వాళ్లు చెప్పరు, సిగ్గుపడతారు.

పెళ్లికాని అమ్మాయి విషయంలో ఆగి ఆలోచించాలి. యోని ద్వారా చేసే ఈ లోపలి స్కాన్ అంటే ఏమిటో ఆమెకే చెప్పండి, తల్లికి మాత్రమే కాదు. గదిలో ఒక నర్సు ఉండాలి. కలయిక అనుభవం లేకపోతే, లేదా ఆమె వద్దంటే, పొట్ట మీది నుంచే చూడండి. అవసరమైతే ఎమ్మారై సూచించండి, లేదా ఆమె అంగీకారంతో మలద్వారం ద్వారా చేసే స్కాన్. ఏ దారిలో చూశారో, ఏవి కనిపించలేదో రిపోర్ట్‌లో ఉండి తీరాలి.

పొత్తికడుపు లోపలి పొర మీద పలచగా పరుచుకున్న జబ్బు అల్ట్రాసౌండ్‌కు తరచూ అందదు. స్కాన్‌లో ఏమీ లేకపోతే జబ్బు లేదని తేల్చేయకూడదని 2022 నాటి యూరోపియన్ మార్గదర్శకాలు కూడా చెబుతున్నాయి. కాబట్టి ‘నార్మల్’ బదులు ఇలా రాయండి: ‘చాక్లెట్ సిస్ట్, లోతైన గడ్డలు కనిపించలేదు, స్లైడింగ్ సైన్ బాగుంది, పైపొర ఎండోమెట్రియోసిస్ లేదని ఈ స్కాన్‌తో చెప్పలేం.’ ఆ మాటలు చూశాక గైనకాలజిస్ట్ చికిత్స మొదలుపెట్టడానికి వెనకాడరు.

లోతైన జబ్బు కనిపిస్తే ప్రోబ్ మార్చి రెండు కిడ్నీలూ చూడండి. మూత్రనాళం నొక్కుకుపోయి కిడ్నీ వాస్తున్నా నొప్పి తెలియకపోవచ్చు. మీరు స్కాన్ చేసినవాళ్లకు లాప్రోస్కోపీ జరిగితే ఆ నోట్స్ పంపమని సర్జన్‌ను అడిగి, మీ క్లిప్ పక్కన పెట్టుకుని సరిచూసుకోండి.