రాకాసి గుళ్ళు ఉపగ్రహానికి కనిపిస్తాయా?

సంక్రాంతి సెలవుల్లో హైదరాబాదు పోయాను. మా అన్న అశోక్‌నగర్‌లో రూము తీసుకుని గ్రూప్స్‌కు చదువుతున్నాడు. పొద్దున చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి పోతే రాత్రికే వస్తాడు. ఒకరోజు నారాయణగూడ పోతూ నాలా వంతెన మీద ఆగి, "ఈ నీళ్ళు ఎక్కడివిరా?" అన్నాడు. నాకు గోడలు, మురికి తప్ప ఏమీ కనిపించలేదు.

అన్న ఫోనులో 'భువన్' తెరిచాడు. ఇది ఇస్రో 2009లో మొదలుపెట్టిన ఉపగ్రహ పటాల సైటు. పైనుంచి చూస్తే నాలా వంకరగీతలాగ హుస్సేన్‌సాగర్ నుంచి మూసీ దాకా పోతోంది. ఆ చెరువు 1562లో కుతుబ్‌షాహీల కాలంలో కట్టినది. కిందనుంచి ముక్కగా కనిపించింది పైనుంచి మొత్తంగా కనిపిస్తుంది. పురావస్తు పరిశోధకులు పాత కాలువలు, కోటగోడలు వెతికేది ఇట్లాగే.

జి.ఐ.ఎస్. అంటే ఏమిటి? ఒక ట్రేసింగు కాగితం మీద వాగులు, ఇంకోదాని మీద ఊళ్ళు, మరోదాని మీద పాత సమాధులు గీసి, ఒకదానిమీద ఒకటి పెట్టినట్టు. కంప్యూటరు వాటిని అక్షాంశ రేఖాంశాలతో సరిగ్గా కలుపుతుంది. సమాధులు వాగుకు ఎంత దూరమో వెంటనే తెలుస్తుంది.

"మరి ములుగు జిల్లా దామరవాయి రాకాసి గుళ్ళు కనిపిస్తాయా?" అని అడిగాను. అవి రాకాసులు కట్టినవి కావు. పెద్ద బండలు నిలబెట్టి, పైన కప్పుబండ వేసిన పూర్వకాలపు సమాధులు. 2005లో పంపిన కార్టోశాట్-1 ఫోటోలో ఒక్క చుక్క అంటే నేలమీద రెండున్నర మీటర్లు. ఒక చిన్న సమాధి ఒకటి రెండు చుక్కలే! పైగా చెట్లు కప్పేస్తాయి. కంబోడియాలోని ఆంగ్‌కోర్ అడవిలో 2012లో హెలికాప్టరు నుంచి లేజరు కిరణాలు పంపి చెట్లకింద నేలను చూశారు. మన అడవిలో ఏ బండ ఎక్కడుందో మాత్రం పశువులు కాసిన మన తాతలకే తెలుసు.

కాబట్టి ఈసారి ఇంటికి పోయినప్పుడు ఇవి చేయండి:

1. అటువంటి బండలు ఎక్కడున్నాయో, వాటిని ఏమంటారో పెద్దలను అడిగి రాసుకోండి.

2. పెద్దలు తోడువస్తే పోయి చూడండి. ఫోనులో అక్షాంశ రేఖాంశాలు చూసి రాయండి. పొడవు, వెడల్పు కొలవండి.

3. తవ్వకండి, రాయి కదపకండి. గుప్తనిధులని తవ్వేవాళ్ళుంటారు, చోటు అందరికీ చెప్పకండి. నోటుబుక్కు వార్డెన్ సారుకు ఇస్తే పురావస్తు శాఖకు తెలియజేయవచ్చు.

రాసిపెట్టని రాయి రేపు పోతే, పోయినట్టు కూడా ఎవరికీ తెలియదు.