అమ్మిన సరకు

"అమ్మిన సరకు తిరిగి తీసికొనబడదు" అను వాక్యమును మీరందఱు చదివియే యుందురు. బట్టల దుకాణపు గోడమీదనో, బిల్లు అడుగున చిన్న యక్షరములతోనో అది కనబడుచుండును. ఏండ్ల తరబడి చూచి చూచి మనము దానిని శాసనముగా నెంచుట కలవాటుపడితిమి. అది శాసనము కాదు. అంగడివాడు తన మేలుకొఱకు తాను వ్రాసికొనిన మాట.

కొన్న వస్తువు పనికిరానిదైనచో నేమి చేయవలెనను ప్రశ్న మిక్కిలి పురాతనమైనది. కౌటిల్యుని అర్థశాస్త్రములో దీనికై ఒక ప్రకరణమే కలదు. కొన్న పిమ్మట గాని, అమ్మిన పిమ్మట గాని కలుగు పశ్చాత్తాపమునకు 'అనుశయము' అని పేరు. అట్టి బేరమును రద్దు చేసికొనుటకు వర్తకులకు ఒక రాత్రియు, సేద్యగాండ్రకు మూడు రాత్రులును, పశుపాలకులకు ఐదు రాత్రులును గడువుగా అందు చెప్పబడినవి. మనుస్మృతి పది దినముల గడువు నొసగినది. వర్తకునికి ఒక్క రాత్రియే ఏల? సరకు మంచిచెడ్డలు చూచినంతనే అతనికి తెలియును గావున నని నాకు తోచుచున్నది. రైతు దానిని పొలములో వాడి చూడవలెను గదా!

నేడు అంగడి మన చేతిలోని ఫోనులోనికి వచ్చి చేరినది. కొనువాడు వస్తువును తాకడు, తూచడు, అమ్మువాని మొగము చూడడు. బొమ్మను జూచి, దాని క్రింది వర్ణనను చదివి, తఱచుగా ముందే సొమ్ము చెల్లించును. పూర్వపు రైతుకంటెను ఇతని స్థితి దుర్బలమైనది. ఈ సంగతి నాకు ఒక కుట్టుమిషను మూలమున బాగుగా తెలిసివచ్చినది.

మా గ్రామము తెనాలికి సమీపమున నున్నది. మా వీధి చివర నొకామె రవికలు కుట్టి జీవించుచున్నది. భర్త లేడు. కుమార్తె యప్పుడు ఎనిమిదవ తరగతి చదువుచుండెను. పాత మిషను మరమ్మతుకు లొంగకపోగా, 2025వ సంవత్సరము ఫిబ్రవరి మాసమున, చీటీపాటలో వచ్చిన సొమ్మునుండి 9,600 రూపాయలు చెల్లించి ఆమె ఫోను ద్వారా క్రొత్త మిషనును తెప్పించుకొనెను. అది ఇనుముతో చేసినదనియు, మోటారు కలదనియు, జీన్సు గుడ్డను సైతము కుట్టుననియు, నచ్చనిచో ఏడు దినములలోపల వాపసు తీసికొందుమనియు ప్రకటనలో నుండెను. మాఘమాసపు పెండ్లిండ్ల కాలమది. కుట్టవలసిన రవికలు ఆమె యింట గుట్టగా పడియుండెను.

పార్సిలు వచ్చినది. విప్పి చూడగా అందులో నున్నది చేతితో నెత్తదగిన తేలికైన ప్లాస్టికు యంత్రము! అస్తరు వేసిన రవికగుడ్డ దానిక్రింద పెట్టగానే సూది విఱిగినది. రెండవ సూదియు విఱిగినది. మూడవనాడే ఆమె కూతుచేత వాపసు కోరికను పంపించెను. ఐదవనాడు పార్సిలు తీసికొనిపోవుటకు వచ్చిన కుఱ్ఱవాడు తన ఫోనులోని బొమ్మకును, ఎదుటనున్న యంత్రమునకును పోలిక లేదని చెప్పి వట్టిచేతులతో వెడలిపోయెను. అతని తప్పేమియు లేదు; పోలిక నిజముగానే లేదు. వచ్చిన చిక్కెల్ల అదియే! ఎనిమిదవనాడు ఫోనులో నొక వార్త వచ్చెను: "మీ కోరిక తిరస్కరింపబడినది. గడువు ముగిసినది."

ఆమె కంగారుపడి ఫోనులో వెదకి, ఆ సంస్థదని కనబడిన యొక సంఖ్యకు మాటాడెను. అవతలివాడు మిక్కిలి మర్యాదగా, "సొమ్ము ఇప్పుడే పంపెదము, మీ రహస్యసంఖ్యను నొక్కుడు" అనెను. బాలిక చేయి పట్టుకొని, "అమ్మా! సొమ్ము మనకు వచ్చుటకు రహస్యసంఖ్య యెందులకు? మనము పంపుటకు గదా అది!" అని ఆపివేసెను. అది మోసగాండ్ర సంఖ్య. సంస్థ సంఖ్యను ఆ సంస్థ యాప్‌లోనే చూడవలెను. సొమ్ము పోయినచో జాగుచేయక 1930 అను సంఖ్యకు తెలుపవలెను. ఆ పిల్ల తెలివివలన మిగిలిన చీటీ సొమ్ము దక్కినది.

ఆ సాయంకాలము తల్లికూతుండ్రు మా యింటికి వచ్చిరి. "మాస్టారూ! ఒక యుత్తరము వ్రాసి పెట్టుడు" అని ఆమె అడిగెను. ఉత్తరము వ్రాయుటకు ముందు నాకు ప్రకటన చూపుమంటిని. బాలిక ఫోను తెఱచి చూడగా అది మాఱిపోయియుండెను. 'ఇనుము' అను మాట లేదు. 'జీన్సు' లేదు. 'ఇంటిలోని చిన్న చిన్న కుట్లకు' అని మాత్రమే యుండెను. మువ్వురము ఒకరి మొగ మొకరము చూచుకొంటిమి. మా మాటకు సాక్ష్యమేది?

కొంతసేపటికి బాలికకు జ్ఞాపకము వచ్చినది. కొనుటకు ముందు, "ఇది బాగున్నదా, పిన్నీ?" అని అడుగుచు, ఆ ప్రకటనను ఫొటోగా పట్టి విజయవాడలోని పినతల్లికి వాట్సాప్‌లో పంపియుండెను. తేదీతో, గంటతో సహా అది యట్లే యున్నది. ఆ వివాదములో మాకు దొరకిన ధనమంతయు ఆ ఒక్క బొమ్మయే. అప్పటినుండి నేను ఏ వస్తువు కొన్నను ముందుగా ప్రకటనను ఫొటో తీసి యుంచుచున్నాను. పార్సిలు విప్పునప్పుడు వీడియో తీయుటయు నేర్చుకొంటిని. మా యింటివారు నవ్వుచుందురు, నవ్వనిండు.

మన దేశమున వినియోగదారుల రక్షణకు మొదట 1986లో చట్టము చేయబడినది. దానికి బదులుగా చేసిన 2019 నాటి చట్టము 2020 జులై మాసమునుండి అమలునకు వచ్చినది. ఫోను ద్వారా కొనినవాడును వినియోగదారుడేయని ఇందు స్పష్టముగా చెప్పబడినది. అదే మాసమున అంతర్జాల వ్యాపారమునకు ప్రత్యేకముగా నియమములు వెలువడినవి. వాని ప్రకారము, లోపము గలది, నకిలీది, ప్రకటించిన లక్షణములు లేనిది అగు వస్తువును తిరిగి తీసికొనుటకు గాని, సొమ్ము వాపసు చేయుటకు గాని అమ్మకందారు నిరాకరింపరాదు. చెప్పిన గడువు దాటి వచ్చిన సరకునకును ఇదియే నియమము. ఎవరి చేతిలోను లేని యుపద్రవమువలన ఆలస్యమైనచో మాత్రము ఇది వర్తింపదు.

ఇచ్చట నొక సంగతి గమనింపుడు. "నా మనసు మాఱినది" అనుట యీ జాబితాలో లేదు. రంగు బొమ్మలో నున్నట్లే యున్నది, కొలత సరిపోయినది, కాని యింటికి వచ్చిన పిదప నచ్చలేదు; అట్టి వస్తువును తిరిగి తీసికొనుట అమ్మువాడు ముందుగా ఒప్పుకొనిన షరతులనుబట్టి యుండును. పెండ్లికి తొడిగి, మఱునాడు మడతపెట్టి వాపసు పంపు చొక్కా కథలు కొన్ని నాకు తెలియును. వాని జోలికి ఇప్పుడు పోను.

నియమముల ప్రకారము ప్రతి సంస్థయు ఫిర్యాదుల పరిష్కారమునకు ఒక అధికారిని నియమించి, అతని పేరును చిరునామాను అందఱికి కనబడునట్లు ప్రకటింపవలెను. ఫిర్యాదు అందినట్లు 48 గంటలలోపల తెలిపి, ఒక మాసములోపల పరిష్కరింపవలెను. మేము ఆ యధికారికి వ్రాసితిమి. అందు కోపపు మాట యొక్కటియు లేదు. కొన్న తేదీ, చెల్లించిన సొమ్ము, ప్రకటనలో నున్నది, పెట్టెలో వచ్చినది, వాపసు కోరిన తేదీ — ఇంతే. బాలిక "మోసగాండ్రు అని వ్రాయవద్దా, తాతగారూ?" అని యడిగినది. తేదీలే ఆ మాట చెప్పునంటిని.

ఇరువది దినముల పిదప మాకు మూడు కారణములతో ప్రత్యుత్తరము వచ్చెను. గడువు మించినదనునది మొదటిది. దానికి జవాబు సులభము: కోరిక మూడవనాడే పంపితిమి, ఆలస్యము వారిది.

రెండవది, తాము అంగడి స్థలమును మాత్రమే సమకూర్చువారమనియు, అమ్మినవాడు వేఱనియు. ఈ మాట బొత్తిగా అబద్ధము కాదు. సంతలో స్థలమిచ్చువాడు వేఱు, వంకాయలు అమ్మువాడు వేఱు గదా! కాని సంతవానికిని కొన్ని విధులు కలవు. కొన్నవాడు వ్రాతమూలముగా నడిగినచో అమ్మకందారు చిరునామా మొదలగు వివరములు సంస్థ ఇయ్యవలెను. మేము అట్లే అడిగి తెప్పించుకొని, అటుపై ఇరువురిమీదను ఫిర్యాదు చేసితిమి.

మూడవ కారణము నన్ను నిజముగా కలవరపెట్టినది. "మీరు కూలికి బట్టలు కుట్టుచున్నారు. ఇది వ్యాపారము. కావున మీరు వినియోగదారులు కారు" అని వ్రాసిరి. వాణిజ్యమునకై కొన్నవాడు వినియోగదారుడు కాడనుట చట్టములో నున్న మాటయే. నేను ఆ రాత్రి చట్టమును ముందు పెట్టుకొని కూర్చుంటిని. నిర్వచనము క్రింద నున్న వివరణ నొకమాఱు చదివి, లేచి దీపము పెద్దది చేసి మఱల చదివితిని. స్వయం ఉపాధితో తన పొట్ట పోసికొనుటకే వస్తువును కొని వాడుకొనువానికి వాణిజ్యప్రయోజన మను అడ్డు లేదని యందు కలదు. పదిమందిని కూలికి పెట్టి నడపు కుట్టు కార్ఖానా సంగతి వేఱు. ఒక్కతె, ఒక్క మిషను, ఒక్క జీవనము! ఆ నాలుగు పంక్తులు వ్రాసినవారెవరో గాని, ఇట్టి ఆమెను కన్నులార చూచి వ్రాసినట్లున్నవి.

తరువాత 1915 అను జాతీయ వినియోగదారుల సహాయ సంఖ్యకు తెలిపితిమి. తెలుగులోనే మాటాడవచ్చును. ఆ కేంద్రము తీర్పు చెప్పునది కాదు. ఫిర్యాదును సంస్థకు పంపి రాజీకై యత్నించును. పెక్కు తగవులు అక్కడనే తీఱును. మాది తీఱలేదు. మే మాసమున గుంటూరులోని జిల్లా వినియోగదారుల కమిషనుకు ఫిర్యాదు పంపితిమి.

సంస్థ యెక్కడనో మహానగరములో నున్నది, గుంటూరులో నెట్లు ఫిర్యాదు చేయుదుమని ఆమె భయపడెను. 1986 చట్టము ప్రకారము ప్రతివాది యుండుచోటనో, వ్యాపారము చేయుచోటనో, వివాదకారణము పుట్టినచోటనో ఫిర్యాదు చేయవలసియుండెను. 2019 చట్టము ఫిర్యాదుదారు నివసించుచోట గాని, పనిచేయుచోట గాని చేయవచ్చునని చేర్చినది. దూరపు అంగడికి ఇది తగిన మందు. చెల్లించిన వెల ఐదు లక్షలలోపలిదైనచో రుసుము లేదు. న్యాయవాది లేకయే తాను స్వయముగా చెప్పుకొనవచ్చును. కారణము పుట్టిన రెండేండ్లలోపల ఫిర్యాదు చేయవలెను.

నష్టపరిహారముగా ఏబదివేలు కోరుమని ఇరుగుపొరుగువారు ఆమెకు బోధించిరి. నేను ఒప్పుకొనలేదు. మిషను వెల 9,600 రూపాయలు, బదులుగా అద్దెకు తెచ్చుకొనిన మిషనుకు నెలకు 700 రూపాయలు — ఇంతే వ్రాసితిని. అద్దె రసీదులు ఉన్నవి. ఏబదివేలకు రసీదు ఎక్కడిది? దీనికై ఆమె నామీద కొంత అలిగినమాట వాస్తవము.

ప్రతివాదికి నోటీసు అందినది మొదలు మూడు నెలలలోపల తగవు తీర్చుటకు యత్నింపవలెనని చట్టము చెప్పుచున్నది. కాని అన్ని ఫిర్యాదులు అంత త్వరగా తీఱుచున్నవని మీకు చెప్పలేను. మా వాయిదా రెండుమాఱులు మాఱినది. వాయిదా నాటి కుట్టుకూలి పోయి, బస్సు ఖర్చు మీదపడి, "ఆ సొమ్ము పోయినదనుకొందును, మాస్టారూ" అని ఆమె ఒకనాడు అనెను. బాలిక మాత్రము కాగితముల సంచిని విడువలేదు. అక్టోబరు మాసమున ఉభయులును మధ్యవర్తిత్వమునకు ఒప్పుకొనిరి. సంస్థ పక్షమున వచ్చిన యువ న్యాయవాది వాట్సాప్‌లోని ఆ బొమ్మను, దాని తేదీని, మాఱిన ప్రకటనను ప్రక్కప్రక్కన పెట్టి చూచి, కొంతసేపు మాటాడలేదు. తుదకు మిషను వెలయు, ఎనిమిది నెలల అద్దెయు కలిపి 15,200 రూపాయలు ఇచ్చుటకు ఒప్పుకొనిరి. నవంబరులో సొమ్ము ఆమె ఖాతాలో పడినది. ప్లాస్టికు యంత్రమును వారే వచ్చి తీసికొనిపోయిరి.

ఆ వారములోనే తల్లికూతుండ్రు నన్ను వెంటబెట్టుకొని తెనాలిలోని యొక మిషన్ల దుకాణమునకు పోయిరి. ఆమె ఇంటినుండి అస్తరుగుడ్డ ముక్కలు చుట్టి తెచ్చుకొని, నాలుగు మడతలు వేసి, ఒక్కొక్క మిషనుమీదను కుట్టి చూచెను. ఒక గంట పట్టినది. యజమాని విసుగుకొనలేదు. బేరము కుదిరి బిల్లు వ్రాయుచుండగా, బాలిక గోడవైపు చూచి, "అయ్యా! అమ్మిన సరకు తిరిగి తీసికొనబడదని వ్రాసితిరి. రేపు దీని సూది విఱిగినచో?" అని యడిగినది.

ఆయన ఆ పలక వైపు, పిల్ల వైపు చూచి నవ్వెను. "అది మా నాయనగారి కాలపు పలక, తల్లీ!" అని బిల్లును త్రిప్పి, వెనుక నొక సంవత్సరము పూచీ అని వ్రాసి, తేదీ వేసి, సంతకము చేసి యిచ్చెను. బాలిక దానిని చదివి, ఫోనుతో ఫొటో తీసి, పిన్నికి పంపినది.