వికటకవి పాలిండ్రోమ్ కాదట!

పైథాన్ ల్యాబ్‌లో రాసిన పాలిండ్రోమ్ ప్రోగ్రామ్ ఇంగ్లిష్ పదాలకి బాగానే పనిచేసింది. సరదాగా "వికటకవి" ఇచ్చా. ఫాల్స్ అంది! తెనాలి రామకృష్ణుడి బిరుదు, ఎటునుంచి చదివినా ఒకటే కదా?

లెన్ అడిగితే 7 వచ్చింది. మన లెక్కలో అక్షరాలు 5. నేను ఇంగ్లిష్ మీడియం, గుణింతం సరిగా రాదు. అమ్మకి ఫోన్ చేస్తే చెప్పింది: "వ"కి గుడి ఇస్తే "వి" అని. అప్పుడు అర్థమైంది. పైథాన్ గుడిని కూడా విడిగా లెక్కపెడుతోంది: వ, గుడి, క, ట, క, వ, గుడి.

ఇండెక్స్ 0 నుంచి మొదలవుతుంది కాబట్టి చివరిది 7 కాదు, 6. సున్నాలో "వ" ఉంది, ఆరులో గుడి ఉంది. మొదటి పోలికలోనే తేడా!

పరిష్కారం: ముందు ఖాళీ లిస్ట్ తీసుకోండి. స్ట్రింగ్‌లో గుణింతపు గుర్తు వస్తే లిస్ట్‌లోని చివరి అక్షరానికి అతికించండి, లేకపోతే కొత్తగా చేర్చండి. ఇప్పుడు పొడవు 5. 0తో 4, 1తో 3 పోల్చితే ట్రూ.

ఒత్తులుంటే ఇంకో రూల్ కావాలి. "అమ్మ"కి లెన్ 4: అ, మ, పొల్లు, మ. పొల్లునీ, దాని తర్వాతి హల్లునీ కూడా ముందున్నదానికే అతికించాలి.

ఇప్పుడు మీ పేరు లెన్ ఎంతో ముందు ఊహించి, తర్వాత రన్ చేయండి.