బట్టీకి అందని పన్నెండు

ప్రశ్న: మా తమ్ముడు ఫ్రాన్స్ పౌరసత్వ పరీక్షకు ప్రశ్నలు బట్టీ పడుతున్నాడు. గట్టెక్కుతాడా?
– ఓ పాఠకురాలు, బాన్సువాడ

జవాబు: కష్టమేనమ్మా. 2026 జనవరి నుంచి తప్పనిసరైన ఈ పరీక్షలో 40 ప్రశ్నలకు 32 సరిగ్గా రాయాలి. ముందే ప్రకటించిన జాబితాలోంచి వచ్చేవి 28. మిగతా 12 ఒక సందర్భం చెప్పి ఏం చేయాలని అడుగుతాయి, వాటిని బయటపెట్టరు. ఇచ్చిన నాలుగు జవాబుల్లో ఒకటి గుడ్డిగా పెట్టొచ్చుగా అంటారేమో, సగటున తగిలేవి మూడే. 31 దగ్గర ఆగిపోతాడు! ఆ సందర్భాల్లో లౌకికత్వం గురించి అడిగితే, మనదీ లౌకిక రాజ్యమే కదా అనుకున్నా చిక్కే. ఇక్కడ గుళ్లను దేవాదాయ శాఖ చూస్తుంది. అక్కడ 1905 చట్టం మతాన్నీ ప్రభుత్వాన్నీ విడదీసింది, 2004 చట్టం ప్రభుత్వ బడుల్లో విద్యార్థులు మతచిహ్నాలు కొట్టొచ్చినట్టు ధరించడాన్ని నిషేధించింది. ఆ తర్కం ఒంటబడితే కొత్త సందర్భానికీ జవాబు తడుతుంది. అన్నట్టు, ఫ్రెంచి పౌరసత్వం తీసుకుంటే భారత పౌరసత్వం పోతుంది. ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డుకు దరఖాస్తు చేసుకోవచ్చు.