కోనసీమ: సామరస్యం, ప్రజా పోలీసింగ్ (గ్రూప్స్, ఎస్‌ఐ ప్రత్యేకం)

జిల్లా: 2022 ఏప్రిల్ 4న ఏర్పాటు. కేంద్రం అమలాపురం. మాతృ జిల్లా తూర్పుగోదావరి.

కాలక్రమం (ముఖ్యం): 2022 మే 18: జిల్లాకు అంబేడ్కర్ పేరు పెట్టేందుకు ప్రాథమిక నోటిఫికేషన్, అభ్యంతరాలకు 30 రోజులు. మే 24: పేరు మార్పును వ్యతిరేకిస్తూ అమలాపురంలో హింస, మంత్రి, ఎమ్మెల్యే ఇళ్లకు నిప్పు, 144 సెక్షన్, ఇంటర్నెట్ నిలిపివేత. జూన్ 24: కొత్త పేరుకు మంత్రివర్గ ఆమోదం. ప్రస్తుత పేరు డాక్టర్ బీ.ఆర్. అంబేడ్కర్ కోనసీమ.

రాజ్యాంగం (అధికరణలు): 15: వివక్ష నిషేధం. 17: అంటరానితనం రద్దు. 25–28: మత స్వేచ్ఛ. 29, 30: సాంస్కృతిక, విద్యా హక్కులు. 51ఏ(ఇ): సోదరభావం, ప్రాథమిక విధి. పోలీసు: రాష్ట్ర జాబితా.

చట్టాలు: పౌరహక్కుల పరిరక్షణ చట్టం 1955. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989 (అమలు 1990 జనవరి 30).

పౌరహక్కుల దినం: ప్రతి నెలా 30న. రెవెన్యూ, పోలీసు అధికారులు పల్లెకే వెళ్లి దళితులకు వేరే గ్లాసు పెట్టే రెండు గ్లాసుల పద్ధతి, గుడి ప్రవేశ నిరాకరణపై విచారిస్తారు.

జతపరచండి (పథకం: రాష్ట్రం, ప్రారంభం): ఫ్రెండ్స్ ఆఫ్ పోలీస్: తమిళనాడు, 1993. జనమైత్రి: కేరళ, 2008. గ్రామ, వార్డు సచివాలయాలు: ఆంధ్రప్రదేశ్, 2019 అక్టోబర్ 2.

తికమక వద్దు: పాత సీఆర్‌పీసీ 144 ఇప్పుడు బీఎన్‌ఎస్‌ఎస్ 163, ఐపీసీ 153ఏ ఇప్పుడు బీఎన్‌ఎస్ 196. అమలు 2024 జులై 1.

మెయిన్స్: లాఠీ అల్లర్లను ఆపుతుంది, ఊరి నమ్మకమే అల్లర్లు పుట్టకుండా చూస్తుంది. రేపటి అధికారిగా ఇది మరవొద్దు.