పేర్ల మాటున శత్రువు

మనుషులకు పేర్లు గుర్తుంటాయి. కంప్యూటర్లకు అంకెలు కావాలి. ఈ రెండింటికీ పొత్తు కుదిర్చేదే డొమైన్ నేమ్ సిస్టమ్. 1983లో పాల్ మొకపెట్రిస్ దీనిని రూపొందించారు. ఎవరైనా ఒక వెబ్‌సైటు పేరు టైపు చేయగానే, ఆ పేరుకు చెందిన అంకెల చిరునామాను ఈ వ్యవస్థ వెదికి ఇస్తుంది. అడిగినవాడు మంచివాడా, చెడ్డవాడా అని విచారించదు. దాని బలమూ, బలహీనతా అదే.

యజమానికి తెలియకుండా పరాయివాడి ఆజ్ఞకు లోబడిన కంప్యూటర్ల సమూహాన్ని 'బాట్‌నెట్' అంటారు. అవి తోలుబొమ్మల వంటివి. ఆడించేవాడు తెరవెనుక ఉంటాడు. తొలినాళ్ల బాట్‌నెట్‌లలో, ఆజ్ఞలిచ్చే సర్వరు పేరు తరచుగా ప్రోగ్రాములోనే ఉండేది. ఆ పేరును రద్దు చేస్తే దారం తెగిపోయేది.

2008 నవంబరులో బయటపడిన 'కాన్‌ఫికర్' అంత సులభంగా చిక్కలేదు. ఏ ఒక్క పేరునూ నమ్ముకోక, అది ఆనాటి తేదీ ఆధారంగా రోజుకు 250 కొత్త పేర్లను పుట్టించేది. అన్నీ అర్థంలేని అక్షరాల కూర్పులే. ఆ తేదీని సైతం సొంత గడియారం నుండి కాక, ప్రసిద్ధ వెబ్‌సైట్ల నుండి తెలుసుకునేది! కనుక లోకమంతటా దాని వాతపడిన లక్షలాది కంప్యూటర్లు ఒకే రోజున అవే పేర్లను వెదికేవి. నేరస్థుడు వాటిలో ఒక్కదానిని నమోదు చేసుకుంటే చాలు. రక్షకులు మాత్రం అన్నింటినీ మూయాలి. పైగా, వైరస్ నిరోధక సంస్థల పేర్లను ఆ కంప్యూటర్లు వెదకకుండా అది అడ్డుకునేది. రోగికి వైద్యుని ఇంటిదారి తెలియకుండా చేయడమన్నమాట.

ముల్లును ముల్లుతోనే తీయాలని పరిశోధకులు నిశ్చయించారు. ప్రోగ్రామును విప్పి చూసి, రాబోయే దినాల పేర్లను తామే ముందుగా లెక్కకట్టారు. 2009 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్, ఐకాన్ తదితర సంస్థలు కూటమిగా ఏర్పడి, ఆ పేర్లను ముందే నమోదు చేయసాగాయి. నేరస్థుల ఆచూకీకి మైక్రోసాఫ్ట్ 2,50,000 డాలర్ల బహుమతి ప్రకటించింది. ప్రత్యర్థులు ఊరుకోలేదు. ఏప్రిల్ 1 నుండి రోజుకు 50,000 పేర్లు పుట్టించే కొత్త రూపాన్ని వదిలారు. ఒక్కొక్క కంప్యూటరు వాటిలో 500 పేర్లను ప్రయత్నిస్తుంది. ఆ పేర్ల చివరి భాగాలు నూటికి పైగా రకాలు. వాటిలో అనేకం ఆయా దేశాల అధీనంలోనివి. వారందరినీ శాసించగల అధికారం ఏ ఒక్కరికీ లేదు. అయినా పలు దేశాల నిర్వాహకులు కలిసివచ్చారు. అసలు విశేషం ఇదే.

ఏప్రిల్ 1న భయపడినంత ఉపద్రవం జరగలేదు. కానీ కాన్‌ఫికర్ మరో దారి కూడా ఉంచుకుంది: సోకిన కంప్యూటర్లు తమలో తామే సమాచారం అందించుకోగలవు. అదే నెలలో ఆ దారిన, చెత్త మెయిళ్లు పంపే ప్రోగ్రాము, వైరస్ నిరోధకమని నమ్మించి సొమ్ము గుంజే నకిలీ ప్రోగ్రాము వాటిలోకి చేరాయి.

ఇది తొలుత చొరబడిన విండోస్ లోపానికి మైక్రోసాఫ్ట్ 2008 అక్టోబరు 23నే సవరణ విడుదల చేసింది. దానిని అమర్చుకోని కంప్యూటర్లు ఎన్నో ఆ తరువాత కూడా ఏళ్ల తరబడి ఆ పేర్లనే వెదుకుతూ ఉన్నాయి.