మిరప మంట – చర్మపు దురద

అల్లమునకు, బంగాళాదుంపకు పేరుగన్న జహీరాబాదు ప్రాంతమున మిరపకాయ లేని వంటిల్లు ఉండదు. కారము దంచిన చేతుల మంట ఎట్టిదో ప్రతి ఇల్లాలికిని తెలియును. ఆ మంటయే దురదను అణచు మందుగా కూడ ఉపయోగపడుచున్నది. ఇందలి నిజమును, ప్రమాదమును గూడ పంచాయతీ సభ్యుల యెదుట నుంచదలచితిమి.

మిరపకు కారము నిచ్చు పదార్థము క్యాప్సైసిన్. ఇది గింజలను పట్టియుండు తెల్లని పొరలో హెచ్చుగా నుండును. నీటిలో దాదాపు కరగదు; నూనెలో కరగును. మన చర్మమునందలి సన్నని నరముల కొనలలో వేడిని గుర్తించు ద్వారమువంటి దొకటి కలదు. క్యాప్సైసిన్ తగిలినంతనే అది తెరచుకొనును; నిప్పు తగిలినట్లు మెదడునకు వార్త పోవును. ఈ ద్వారమును 1997లో అమెరికా శాస్త్రజ్ఞుడు డేవిడ్ జూలియస్, ఆయన సహచరులు గుర్తించిరి. జూలియస్‌కు 2021లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమానములో భాగము లభించినది.

దురద వార్తను మోయు నరములు కూడ ఇట్టివే. మంట పుట్టినపుడు దురద అణగును. గోకిన దురద తగ్గుటకు కారణ మిదియే. క్యాప్సైసిన్ లేపనమును దినమునకు పలుమార్లు, కొన్ని వారములు రాసినచో నరముల కొనలు క్రమముగా మొద్దుబారి, దురద వార్త పంపుట తగ్గించును. రాయుట మానినచో కొంతకాలమునకు దురద తిరిగి రావచ్చును. మూత్రపిండముల వ్యాధివలన కలుగు దురదకును, నరముల లోపమువలన ఒకేచోట విడువక పట్టు దురదకును వైద్యులు దీనిని వాడుదురు.

ఆ లేపనములో క్యాప్సైసిన్ నూటికి 0.025 నుండి 0.075 పాళ్లు మాత్రమే యుండును. అనగా 100 గ్రాములలో 25 నుండి 75 మిల్లీగ్రాములు. ఇంట నూరిన కారమునకు ఇట్టి కొలత లేదు. దానిని రాసినచో చర్మము పొక్కవచ్చును. పసిపిల్లలకు, కండ్లకు మరింత హాని.

అంతకంటె ముఖ్యమైన దొకటి కలదు. గజ్జికి కారణము చర్మములో దూరిన సూక్ష్మమైన పురుగు. దురద అణగినను పురుగు చావదు, ఇంటిల్లిపాదికి వ్యాపించును. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో గజ్జిని నిర్లక్ష్యమునకు గురియైన వ్యాధుల జాబితాలో చేర్చినది. దీనికి పెర్మెత్రిన్ వంటి లేపనమును, వైద్యుని సలహాపై, ఇంటివారందరు ఒకేసారి వాడవలెను.

కావున సభ్యులు చేయదగినవి:

1. దురదకు కారము రాయరాదని గ్రామసభలో తెలుపుట.

2. ఒకే ఇంట లేక వసతిగృహమున పలువురికి దురద యున్నచో ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు తెలియజేయుట.

3. కారము అంటిన చర్మమును మొదట నూనెతో తుడిచి, పిదప సబ్బుతో కడుగవలెననియు, కంట పడినచో మంచినీటితో చాలసేపు కడుగవలెననియు నేర్పుట.

దురద చిన్నదని ఉపేక్షింపరాదు. దాని కారణము తెలిసికొనుటయే చికిత్సకు మొదటి మెట్టు.